వాన వేళ తప్పితే: గంజాం, జయపురం సీమల వరిసాగు చరిత్ర

వరి అనగానే తెలుగువారికి కృష్ణా గోదావరి డెల్టాలు, లాకులు, కాలువగట్లు గుర్తుకు రావడం సహజం. యానాం విద్యార్థులకు అది రోజూ కళ్ళెదుట ఉండే దృశ్యం. కాని తూర్పు భారతంలో వరి పండే నేలలో చాలా భాగానికి కాలువ నీరు అందదు. ఆకాశం నుంచి పడిన వాన, గట్టు ఆపిన వాన, గెడ్డలోనో చెరువులోనో నిలిచిన వాన, ఇవే ఆ పైరుకు ఆధారం. ఇటువంటి నేలను తమిళంలో ‘వానం పార్త్త భూమి’ అంటారు. ఆకాశం వైపు చూసే భూమి అని దాని అర్థం. తమిళంలో ‘వాన్’ అంటే ఆకాశం, మన ‘వాన’ ఆ కుటుంబపు మాటే. తమిళనాడులోని మన విద్యార్థులకు ఈ పలుకుబడి తెలిసినదే. కన్నడంలో ఈ సాగును ‘మళెయాశ్రిత’ అంటారు, మరాఠీలో ‘కొరడవాహూ’ అంటారు. మాటలు వేరయినా రైతు నిలబడిన చోటు ఒక్కటే.

ఈ వ్యాసంలో మేము ఒడిశా దక్షిణ భాగాన్ని, అంటే నేటి గంజాం, గజపతి, రాయగడ, కొరాపుట్ జిల్లాలను తీసుకుంటున్నాము. బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం, జయపురం పట్టణాలలోను, వాటి చుట్టుపట్ల పల్లెలలోను తెలుగువారు తరతరాలుగా నివసిస్తున్నారు. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా ప్రత్యేక రాష్ట్రంగా ఏర్పడేదాకా ఈ సీమ మద్రాసు రాజధానిలో భాగం. తరవాత హద్దు గీత పొలాల మధ్యగా పోయినా, గీతకు రెండు వైపులా రైతులు ఎదురుచూసే మేఘం మాత్రం ఒక్కటే.

మేము చెప్పదలచినది ప్రధానంగా ఒక్క విషయం. వానాధారపు వరిని దెబ్బతీసేది వాన మొత్తం తగ్గడం కంటె వాన వేళ తప్పడం. ఈ సంగతి పల్లెకు తెలుసు. తెలిసినందువల్లనే నేలను, విత్తనాన్ని, చెరువును ఒకదానికొకటి ఆసరాగా పల్లె అమర్చుకుంది. నేడు శీతోష్ణస్థితి మారి వాన వేళలు కదిలిపోతున్నాయి. సరిగ్గా ఈ సమయానికే ఆ మూడు ఆసరాలు బలహీనపడి ఉన్నాయి. చరిత్ర దృష్టితో చూస్తే నేటి కష్టంలోని తీవ్రత ఇక్కడే ఉంది.

పైరుకు కావలసిన వేళలు

ఒడిశాలో వరి పంటలు మూడు. తొందరగా కోతకు వచ్చేది ‘బిఆళి’, వానకాలమంతా ఉండి చలికాలపు ముంగిట కోతకు వచ్చే ప్రధాన పంట ‘శారద’, వేసవిలో నీటివసతి ఉన్న చోట వేసేది ‘డాలువ’. గోదావరి జిల్లాలలో, యానాంలో రెండవ పంటను ‘దాళ్వా’ అంటాము కదా. డాలువ, దాళ్వా ఒకే మాట అని వినగానే తెలుస్తుంది. వరితో పాటు వరి మాటలు కూడా తూర్పుతీరం వెంట నడిచాయి.

వానను నమ్ముకున్న రైతుకు శారద పంటే ప్రాణం. దీనికి నాలుగు వేళలు కీలకం. మొదటిది వెద వేళ. ఒడియా రైతులు అక్షయ తృతీయనాడు ‘అఖి ముఠి అనుకూల’ అనే ఆచారంతో తొలి పిడికెడు గింజలు చల్లుతారు. తెలుగు పల్లెలలో ఏరువాక పున్నమి ఉంది. శ్రీకాకుళం వైపు పొడి దుక్కిలో గింజ చల్లే పద్ధతిని ‘ఎద’ అంటారు. ‘వెదజల్లు’ అనే క్రియలో ఉన్న వెద ఇదే. రెండవది మడిలో నీరు నిలిచే వేళ. ఆకుమడి పెంచిన వారికి ఇది ‘ఉభాల’ కాలం, అంటే నాట్ల కాలం. వెదజల్లిన వారికి ఒడిశాలో ‘బెఉషణ’ కాలం. పైరు నెలా నెలన్నర వయసుకు వచ్చాక, మడిలో బెత్తెడు నుంచి జానెడు లోతు నీరు నిలిచినప్పుడు, ఆ పైరు మీదనే తేలిక నాగలితో దున్నుతారు. కొత్తవారికి ఇది పైరును పాడుచేయడంగా కనిపిస్తుంది. కాని దీనివల్ల కలుపు అణుగుతుంది, ఒత్తుగా ఉన్న మొక్కలు పలచబడతాయి, లేచిన మొక్కలను ఖాళీలలో నాటుకుంటారు. ఆ పని జరగాలంటే మడిలో నీరుండాలి. నీరు లేక రెండు మూడు వారాలు ఆలస్యమైతే మొక్క ముదురుతుంది, కలుపు పెరుగుతుంది, దున్నినా ఫలితం ఉండదు.

మూడవది పొట్ట, ఈనిక వేళ. నాలుగవది పాలు పట్టే వేళ. శారద పంటలో ఇవి హస్త, చిత్త కార్తెల చుట్టూ, అంటే సెప్టెంబరు చివరి నుంచి అక్టోబరు దాకా పడతాయి. ఈ నెలరోజులలో రెండు మంచి వానలు పడకపోతే అంతకుముందు మూడు నెలలు కురిసిన వాన వృథా. లెక్కల పుస్తకంలో ఏడాది వాన సగటుకు దగ్గరగా ఉండవచ్చు. పొలంలో మాత్రం తాలు గింజలే మిగులుతాయి.

1865 సెప్టెంబరు

ఈ మాటకు చరిత్రలో అతి విషాదకరమైన ఉదాహరణ ఉంది. 1865లో వానలు సెప్టెంబరు మధ్యలోనే ఆగిపోయాయి. శారద పంట ఈనవలసిన వేళకు మళ్ళు ఎండాయి. అప్పట్లో కటకం, పూరీ, బాలేశ్వర్ జిల్లాలు బెంగాల్ పాలనలోను, గంజాం మద్రాసు పాలనలోను ఉండేవి. అంతకు ముందటి ఏళ్ళలో ఓడల మీద బియ్యం బయటికి తరలిపోవడంతో నిలవలు పలచబడి ఉన్నాయి. అధికారులు ప్రమాదాన్ని తక్కువగా అంచనా వేశారు. బియ్యం తెప్పించాలని మేలుకొనేసరికి 1866 రుతుపవనాలు వచ్చి, సముద్రం కల్లోలమై, ఓడల నుంచి సరకు దించడం దుస్సాధ్యమయింది. దారులు లేని లోపలి పల్లెలకు గింజ చేరలేదు. ఒరిస్సాలో పది లక్షల మంది, అంటే ప్రతి ముగ్గురిలో ఒకరు, మరణించారని అంచనా. గంజాం కూడా ఆ కరువు వాత పడింది. పూరీ గజపతి రాజుల అంక సంవత్సరాల లెక్కలో అది తొమ్మిదవది కావడం వల్ల ప్రజలు దీనిని ‘న-అంక’ దుర్భిక్షం అంటారు. జార్జి కాంప్‌బెల్ అధ్యక్షతన ఏర్పడిన విచారణ సంఘం 1867లో ఇచ్చిన నివేదిక పాలకుల అలసత్వాన్ని స్పష్టంగా ఎత్తి చూపింది.

ఈ ఘట్టం నుంచి మనం రెండు సంగతులు గ్రహించాలి. ఒకటి, పంటను చంపినది ఆ ఏడాది చివరి వానలు రాకపోవడం. రెండు, మనుషులను చంపినది ఒక్క వాన కాదు. ముందుగా ప్రాణాలు పోయినది భూమి లేని కూలీలకు, చేతివృత్తులవారికి. పంట పోయిన రైతు ఇంట కొద్దో గొప్పో గింజ ఉంటుంది. పని పోయిన కూలీ ఇంట అదీ ఉండదు. కనుక పాత పల్లె కరువును ఎరగనిదని, అన్నీ సవ్యంగా సాగాయని అనుకోవడం పొరపాటు. పల్లె కట్టుకున్న ఆసరాలు ఒక ఏడాది వేళ తప్పినా తట్టుకునేందుకు ఉద్దేశించినవి. దారి, నిలవ, ధర, పాలన నాలుగూ ఒకేసారి విఫలమైనప్పుడు వాటి శక్తి చాలలేదు.

మూడు ఆసరాలు

మొదటి ఆసరా నేల. జయపురం పీఠభూమిలో కొండవాలును ‘డొంగర్’ అని, మెరకను ‘పదా’ అని, మధ్యరకపు నేలను ‘బెడా’ అని, లోయ అడుగున వాగు పారే చోట మళ్ళుగా మలచిన నేలను ‘ఝోలా’ అని అంటారు. ఉత్తరాంధ్ర తెలుగులో మెట్ట, గరువు, పల్లం అనే విభాగం ఉంది. ఒక కుటుంబానికి వీటన్నిటిలో కాస్త కాస్త భూమి ఉంటే, వాన తక్కువైన ఏడు పల్లం పండుతుంది, ఎక్కువైన ఏడు మెరక నిలుస్తుంది. గజపతి, రాయగడ జిల్లాల సవరలు కొండవాలున రాతిగట్లతో మెట్లుమెట్లుగా కట్టిన వరిమళ్ళు ఈ విద్యకు పరాకాష్ఠ. సవర భాషకు వ్యాకరణం, నిఘంటువు కూర్చిన గిడుగు రామమూర్తి పంతులుగారు పర్లాకిమిడిలో ఉపాధ్యాయులు. ఆయన భాషాసేవకు నేపథ్యమైన సీమ ఇదే.

రెండవ ఆసరా విత్తనం. మెరకకు మూడు నెలల్లో కోతకు వచ్చే రకం, మధ్య నేలకు నాలుగు నెలలది, పల్లానికి అయిదు నెలలది. పల్లపు పాత రకాలలో ఒక విశేషం ఉంది. అవి నాటిన రోజులను బట్టి కాక, పగటి పొడుగు తగ్గడాన్ని బట్టి ఈనుతాయి. రైతు వెద నాలుగు వారాలు ముందు వేసినా వెనక వేసినా వెన్ను బయటికి వచ్చేది ఇంచుమించు ఒకే వేళకు. వాన ఎప్పుడు మొదలవుతుందో తెలియని రైతుకు ఇది గొప్ప వెసులుబాటు. కటకంలో 1946లో నెలకొన్న కేంద్రీయ వరి పరిశోధన సంస్థ 1955-59 మధ్య జయపురం సీమలో జరిపిన సేకరణలో 1,700 పైచిలుకు వరి నమూనాలు దొరికాయి. ప్రతి రకానికి ఒక పేరు ఉంటుంది. ఆ పేరు గింజ రంగునో, వాసననో, పండే నేలనో, కోతకు వచ్చే కాలాన్నో తెలుపుతుంది. అందుచేత ఆ పేర్ల పట్టికను ఒక వ్యవసాయ గ్రంథంగా చదువుకోవచ్చు.

మూడవ ఆసరా చెరువు. కన్నడంలోని ‘కెరె’, మన ‘చెరువు’ ఒకే మూలానికి చెందినవి. ఇకార ఎకారాల ముందు కకారం తెలుగులో చకారం కావడం మీరు పాఠాలలో చదివినదే. కన్నడ కివి మనకు చెవి అయినట్టే కెరె చెరువయింది. ఉత్తరాంధ్రలో చిన్న చెరువును ‘బంద’ అంటారు, ఒడియాలో ‘బంధ’ అంటారు. నీరు వదిలే చోటు మనకు ‘మదుము’, తమిళులకు ‘మదగు’. తెలుగు తమిళాలకు ఉమ్మడి అయిన ‘ఆయకట్టు’ అనే మాట ఇంగ్లీషులోకి ఎక్కి, ఒడిశా నీటిపారుదల శాఖ కాగితాలలో కూడా నేటికీ వాడుకలో ఉంది. మహారాష్ట్రలో గడ్చిరోలి, భండారా ప్రాంతాల మాల్గుజారీ చెరువులు ఈ సంప్రదాయానికి బంధువులే. వరి పొలానికి చెరువు చేసే సాయం ఏడాది పొడుగునా నీరివ్వడం కాదు. ఈనిక వేళ ఒకటి రెండు తడులు ఇవ్వడం. 1865లో కావలసినవి ఆ రెండు తడులే.

ఆసరాలు సడలిన తీరు

కరువుల తరవాత ప్రభుత్వం ఊరుకోలేదు. పంతొమ్మిదవ శతాబ్ది చివరి రెండు దశాబ్దాలలో గంజాంలో రుషికుల్యా నీటి పథకం రూపుదిద్దుకుంది. సొరడ, రస్సెల్‌కొండ జలాశయాలు ఆ పథకానివే. రస్సెల్‌కొండను ఇప్పుడు భంజనగర్ అంటున్నారు. 1888-89లో గంజాంలో మళ్ళీ కరువు వచ్చింది. ఆ పథకం ఎందరినో ఆదుకున్న మాట నిజం. అయితే కాలువ కింద ఉన్న పల్లె ఒక తోవను, కాలువ అందని పల్లె మరొక తోవను పట్టడం కూడా అప్పటినుంచే.

కాలువ అందని చోట చెరువు బాగు ఎవరి బాధ్యత? 1802 నాటి శాశ్వత పైసలా తరవాత జమీందారీలలో చెరువులు జమీందారు ఆధీనంలో ఉండేవి. పూడిక తీత, గట్టు మరమ్మత్తు కొన్ని చోట్ల సాగేవి, కొన్ని చోట్ల సాగేవి కావు. 1951 నాటి ఒరిస్సా ఎస్టేట్ల రద్దు చట్టంతో జమీందారీలు పోయాయి. రైతుకు అది విముక్తి. కాని చెరువు ప్రభుత్వానిది అయ్యేసరికి ఊరు తన పనిగా భావించడం తగ్గింది, దూరాన ఉన్న కార్యాలయానికి ప్రతి చిన్న బందా కనిపించలేదు. పూడిక పెరిగి, కడుపులో ఆక్రమణలు పెరిగి, నీరు నిలిచే లోతు తగ్గింది.

విత్తనం విషయంలో మార్పు ఇంకా వేగంగా జరిగింది. అధికోత్పత్తి రకాలు దిగుబడి పెంచాయి, ఆకలి తీర్చాయి. ఈ మేలును తక్కువ చేయడం మా ఉద్దేశం కాదు. పశ్చిమగోదావరి జిల్లా మార్టేరు పరిశోధన కేంద్రం రూపొందించిన ‘స్వర్ణ’ ఒడిశా పల్లపు పొలాలలో అతి విస్తారంగా పాకింది. అయితే ఒకటి రెండు రకాలు ఊరంతా వ్యాపించినప్పుడు ఊరి పొలాలన్నీ ఇంచుమించు ఒకే వారంలో ఈనుతాయి. ఆ వారం వాన తప్పితే నష్టం ఊరంతటిదీ అవుతుంది. 1950లలో జయపురం సీమలో వందలకొద్దీ ఉన్న రకాలు, తరవాతి సేకరణలలో కొన్ని వందలకు పడిపోయాయి.

పంట పోయినప్పుడు వలస వెళ్ళడం ఈ సీమకు పాతదే. రెండవ ప్రపంచ యుద్ధానికి ముందు గోపాలపురం రేవు నుంచి ఓడలెక్కి తెలుగువారు, ఒడియావారు రంగూనుకు కూలిపనులకు పోయేవారు. 1942లో బర్మా దారి మూసుకుపోయింది. ఇప్పుడు గంజాం యువకులు సూరత్ మరమగ్గాలకు రైలెక్కుతున్నారు. వారితో పాటు పొలం పని చేతులు మారుతోంది. గట్టు వేయడం తెలిసినవారు, ఏ మడికి ఏ గింజో చెప్పగలవారు ఊళ్ళో వృద్ధులే మిగులుతున్నారు.

నేటి వాన

ఇక శీతోష్ణస్థితి మాట. కేంద్ర భూవిజ్ఞాన శాఖ 2020లో వెలువరించిన సమీక్ష ప్రకారం 1901 నుంచి 2018 మధ్య దేశపు సగటు ఉష్ణోగ్రత సుమారు 0.7 డిగ్రీల సెల్సియస్ పెరిగింది. 1951 నుంచి 2015 మధ్య వానకాలపు వర్షపాతం సుమారు 6 శాతం తగ్గింది. వరి రైతుకు వీటికన్నా ముఖ్యమైన అంకె మరొకటి ఉంది. 1951-80 కాలంతో పోలిస్తే 1981-2011 కాలంలో వానకాలం నడుమ వచ్చే వరపులు 27 శాతం ఎక్కువయ్యాయి. మరొక పక్క మధ్యభారతంలో ఒకే రోజు 150 మిల్లీమీటర్లు దాటి కుండపోతగా కురిసే సందర్భాలు 1950-2015 మధ్య సుమారు 75 శాతం పెరిగాయి. అంటే వాన తక్కువ రోజులలో ఎక్కువగా పడుతోంది, పడని రోజుల వరస పొడుగవుతోంది. కొండవాలున అటువంటి వాన నేలలోకి ఇంకదు, మట్టిని కూడా కోసుకొని గెడ్డలో కలుస్తుంది.

2002లో దేశమంతటా జులై వాన సగటులో సగానికి పడిపోయింది. జులై అంటే నాట్లకు, బెఉషణకు నీరు నిలవవలసిన వేళ. 2023 ఆగస్టు, 1901 తరవాత దేశంలో అతి తక్కువ వాన పడిన ఆగస్టుగా నమోదయింది. రుతుపవనాల రాకపోకల సాధారణ తేదీలను వాతావరణ శాఖ 2020లో సవరించింది. వాయవ్య భారతం నుంచి అవి వెనుదిరగడం మొదలయ్యే తేదీ సెప్టెంబరు 1 నుంచి 17కు జరిగింది. శాస్త్రవేత్తల పంచాంగమే మారినప్పుడు కార్తెల లెక్క మీద నడిచే పల్లె పంచాంగం తడబడడంలో వింత లేదు. అక్టోబరులో తుపాను భయం వేరే. 2013 అక్టోబరు 12న ఫైలిన్ గోపాలపురం దగ్గర తీరం దాటింది. 2018 అక్టోబరులో తిత్లీ శ్రీకాకుళం, గజపతి జిల్లాలను కుదిపింది. హస్త చిత్తల వాన కోసం ఎదురుచూసే వేళకే గాలివాన వచ్చి ఈనిన పైరును పడగొట్టింది. వెన్ను పూతమీద ఉన్నప్పుడు వేడి 35 డిగ్రీలు దాటితే గింజ కట్టడం తగ్గుతుందన్నది కూడా నిరూపితమైన విషయం.

చేయదగినది

ఈ పరిస్థితిలో పాత పద్ధతికి తిరిగిపోదాం అనడం తేలిక, ఆచరణలో అది కుదరదు. అయితే పాతది కొత్తదానికి పనికివచ్చిన ఉదాహరణ ఒకటి మన ఎదుట ఉంది. నీట మునిగినా బతికే గుణం ఒడిశా రైతుల పాత రకమైన ధళపుటియా నుంచి ఎంపిక చేసిన ఎఫ్‌ఆర్ 13 ఎ అనే వరిలో ఉంది. ఆ గుణానికి కారణమైన జన్యువును 2006లో గుర్తించారు. దానిని మార్టేరు స్వర్ణలోకి తెచ్చి ‘స్వర్ణ సబ్-1’ అనే రకాన్ని 2009లో విడుదల చేశారు. రెండు వారాల పాటు మునిగినా అది తిరిగి లేస్తుంది. గోదావరి సీమ గింజలో ఒడిశా గింజ కలిసి ఇరుసీమల రైతులకూ ఉపయోగపడింది. పూర్వం ఎవరో రైతు ఆ రకాన్ని ఏటా దాచి విత్తకపోతే శాస్త్రజ్ఞుడికి వెతకడానికి ఏమీ మిగిలేది కాదు.

కొరాపుట్ సంప్రదాయ వ్యవసాయాన్ని ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ 2012లో ప్రపంచ ప్రాముఖ్యం గల వారసత్వంగా గుర్తించింది. దేశవాళీ వరి విత్తనాలను కాపాడిన కొరాపుట్ ఆదివాసి మహిళ కమలా పుజారికి 2019లో పద్మశ్రీ లభించింది. ఆమె 2024లో కన్నుమూశారు. ఆ ఏడాదే కొరాపుట్ కాలాజీరా బియ్యానికి భౌగోళిక గుర్తింపు దక్కింది. గుర్తింపులు మంచివే. వాటికి తోడుగా ఊరి బందలో పూడిక తీయాలి, మెరకకు మెరక గింజ, పల్లానికి పల్లపు గింజ అందుబాటులో ఉండాలి, వరపు వచ్చిన ఏడు కౌలురైతుకు, కూలీకి కూడా సాయం చేరాలి. 1866 నేర్పిన పాఠంలో ఈ చివరి భాగాన్ని మనం తరచు మరచిపోతుంటాము.

భాషా విద్యార్థులుగా మన వంతు కూడా ఒకటి ఉంది. భద్రిరాజు కృష్ణమూర్తిగారు 1962లో వెలువరించిన మాండలిక వృత్తిపదకోశం వ్యవసాయ సంపుటం అప్పటి ఆంధ్రప్రదేశ్ జిల్లాల పదాలను భద్రపరిచింది. హద్దుకు ఇవతల ఉన్న మన పల్లెల పదాలు అటువంటి కోశం కోసం ఇంకా ఎదురుచూస్తున్నాయి. సెలవులకు ఇంటికి వెళ్ళినప్పుడు మీ తాతగారినో, నాయనమ్మగారినో, పొరుగున ఉన్న వృద్ధ రైతునో అడగండి. ఏ మడిని ఏమంటారు, ఏ కార్తెలో ఏ పని, వాన రాకపోతే ఆ పని ఎన్ని రోజులు ఆగవచ్చు, ఆగకపోతే బదులుగా ఏం వేసేవారు, చెరువు మదుము ఎవరు తెరిచేవారు అని అడిగి, చెప్పినది చెప్పినట్టు రాసుకోండి. తెలుగు మాటతో పాటు పక్కన వాడే ఒడియా, తమిళ, కన్నడ, మరాఠీ మాట కూడా రాయండి. మాట దొరికితే దాని వెనక ఉన్న పని దొరుకుతుంది. వేళ తప్పిన వానతో వేగవలసిన రేపటి రైతుకు ఆ పని తెలిసి ఉండడం అవసరం.